వాగు చేపల పులుసు

1986 అక్టోబరు. గుంటూరులో ఒక ఆసుపత్రి, పిల్లల వార్డు వరండా. పత్తి చేలకు పురుగుమందు కొట్టే కూలి జక్రయ్య, అతని ఊరి సైన్సు మాస్టారు ఇమ్మానియేలు.

"చేపకి రుచి తెలుసుద్దా మాస్టారూ?"

"ఇప్పుడదేం ప్రశ్న జక్రయ్యా? డాక్టరుగారు అడిగినదానికి చెప్పు. నిన్న మీ అమ్మాయి సంతోషకుమారి ఏం తిన్నది?"

"చెప్పాగదండీ. చేపల పులుసు. వాగులోయి."

"చచ్చి తేలినవా?"

"చచ్చినయి కాదండీ. తేలినయిగానీ... మొప్పలాడుతూనే ఉన్నయి. చేత్తోనే పట్టా. తెలుసుద్దా, తెలీదా? అది చెప్పండి."

"తెలుస్తుంది. జెల్ల చేపకైతే మీసాలకీ, ఒంటికీ కూడా తెలుస్తుంది. కొండల్లో చల్లటి ఏళ్లలో ట్రౌట్ అని ఒక చేప ఉంటుంది. ఎరని నోట్లోకి తీసుకుంటుంది. తేడాగా తగిలిందా, టక్కున ఊసేస్తుంది."

"మరి మన వాగు చేపలు ఊయలేదేందండీ?"

"ఏం ఊస్తాయి? మందు కలిసింది నీళ్లలో. చేప పీల్చేది ఆ నీళ్లేగా. మొప్పల్లోంచి నేరుగా నెత్తుట్లోకి పోతుంది. నోరు మూసుకుంటే ఆగేదా! పైన ఎవడో మందు డబ్బాలు కడిగుంటాడు."

"ఎవడో కాదండీ."

"మరి?"

"బుల్లయ్యగారి చేనుకి మందు కొట్టింది నేనే. మందు కొట్టే పంపు కడిగిందీ..."

"వాగులోనా?"

"ఇంకెక్కడ కడుగుతామండీ?"

"తెలిసి తెలిసి ఆ చేపలే తెచ్చావా?"

"పిల్ల జొరం పడి లేచింది మాస్టారూ. నీసు కావాలని ఒకటే ఏడుపు. నాలుగు నీళ్లతో కడిగాం. మా ఇంటిది పుల్లమ్మ చింతపండు దట్టంగా పోసింది. మందు పోద్దిలే అనుకున్నాం."

"మీరు తినలేదా?"

"పిల్లకే ఉంచుదామంది పుల్లమ్మ. నేను ముందు పులుసు నాలిక్కి రాసుకుని చూశానండీ. బాగానే ఉంది."

"బాగానే ఉందా? మందు వాసన రాలేదూ?"

"రాలేదండీ."

"జక్రయ్యా..."

"నాకేం తెలుసుద్దండీ! మూడేళ్ల బట్టీ మందు కొడుతున్నా. కారం మంటొక్కటే తెలుసుద్ది. ఉప్పు తెలీదు. చేదు తెలీదు. వాసనా అంతే."

"సరే. ఎంత తిన్నదో కావాలంట డాక్టరుగారికి. ఒక ముక్కా? రెండా?"

"చిన్నపిల్లండీ. ఎంత తింటది."

"అదే, ఎంత?"

"అసలు తినలేదండీ."

"తినకుండానే ఇట్టా అయిందా? లోపల పిల్ల కళ్లు తెరవట్లేదయ్యా! సరిగ్గా చెప్పు."

"మొదటి ముక్క ఊసేసిందండీ. చేదుగా ఉంది నాయనా అంది. అడిగి అడిగి వండించుకుని మారాం చేస్తందని చెంప మీద కొట్టా. కొట్టి, నోరు నొక్కిపట్టి, నాలుగు ముక్కలు... నా చేత్తోనే మింగించా మాస్టారూ."