వాగు పక్కన బల్ల

వాగు పక్కనున్న తమ నేల మీద ఎప్పటికీ ఏ కట్టడమూ రాకూడదని భార్యాభర్తలిద్దరూ భూసంరక్షణ సంస్థకు రాసిచ్చారు. ఆ సంస్థ నుంచి ఏటా తనిఖీకి వచ్చే ప్రాజెక్టు మేనేజరుతో ఈసారి పెద్దాయన ఒక్కరే హద్దు వెంట నడిచారు.

"ఈ బల్ల ఎప్పుడు వేయించారు బాబాయిగారూ?"

"మీ పిన్ని పోయాక. రోజూ సాయంత్రం ఇక్కడే నిలబడి వాగు చూసేది. కాళ్లు లాగుతున్నాయని నా భుజం పట్టుకునేది."

"అడుగున సిమెంటు పోసినట్టున్నారు."

"గాలికి పడిపోతుందేమోనని."

"తీయించాలండి."

"ఒక్క బల్లకే నేల పాడైపోతుందా అమ్మా?"

"కాగితాలు రాసుకున్న రోజు నేనూ అదే అన్నాను. ఒక్క బల్లకైనా చోటు ఉంచుకోమన్నాను. పిన్నిగారే వద్దన్నారు."

"అవును. ఇవాళ బల్ల అంటారు, రేపు దానికి నీడ కావాలంటారు అంది. నా వంకే చూస్తూ అంది."

"మిమ్మల్ని బాగా ఎరుగుదురు."

"రేకులు కూడా కొన్నానమ్మా. ఇంటి దగ్గర కొట్టంలో ఉన్నాయి."

"ఆవిడ ఉంటే ఎంత నవ్వేవారో."

"ఆవిడ ఉంటే బల్ల ఎందుకు వేస్తాను?"

"మడత కుర్చీ తెచ్చుకోండి బాబాయిగారూ. వెళ్లేటప్పుడు మీ వెంట తీసుకెళ్లిపోతే ఎవరూ ఏమీ అనరు."

"సరే. నువ్వు మళ్లీ ఎప్పుడొస్తావు?"

"బల్ల తీసేదాకా నెలనెలా వచ్చి చూడాలి."

"తీసేశాక?"

"ఎప్పటిలాగే, ఏడాదికోసారి."

పెద్దాయన బల్ల మీద రాలిన ఆకులను చేత్తో తుడిచారు.

"అయితే నెమ్మదిగా తీయిస్తానమ్మా."