మొదట దిగే మనిషి

పెనుకొండ బజారు వెనక సందు, మధ్యాహ్నం. నలభై అంగళ్ళకూ కలిపి భూమిలో కట్టిన కొత్త సెప్టిక్ ట్యాంకు స్లాబు మీద మేస్త్రి గోవిందప్ప కూర్చుని ఉన్నాడు. చంకలో బిడ్డతో, చేతిలో క్యారియరుతో మంజుల వచ్చి అతని ముందు నిలబడింది. ఆమె మొగుడు హరి ట్యాంకు లోపల, స్లాబు పోసేటప్పుడు కింద ఆనించిన సెంట్రింగు పలకలు ఊడదీస్తున్నాడు.

“మోకాలు నొప్పని నువ్వు దిగలేదా? నిన్న సాయంత్రం సైకిలు తొక్కుకుంటా పోతాంటివి కదా మామా.”

“నిన్న లేదు, ఈ పొద్దుంది. నా మోకాలు నీకు చెప్పి నొయ్యాలా ఏమి?”

“అది గాదు. ఏ ట్యాంకైనా ముందు నువ్వే దిగుతావంట. మొదటి పలక మేస్త్రి తీసినాకే పనోళ్ళు దిగేదంట. ఆరేండ్లుగా ఇదే పద్ధతని మా ఆయన పదిమార్లు చెప్పినాడు.”

“పద్ధతే. ఒక్క దినం తప్పింది, అంతే. ఒరే హరీ! నీ పెండ్లాం వచ్చిందిరా, సంగటి తెచ్చింది!”

“ఉండమను మామా! ఇంకా రెండు వరసలుండాయి!”

“ఇనపడిందా? గట్టిగుండాడు నీ మొగుడు. పాపను అట్ల నీడకు కూర్చోబెట్టు.”

“గొంతు యాడో బాయిలో నుంచి వచ్చినట్లుండాది.”

“ట్యాంకులో ఉండేవాడి గొంతు మిద్దె మీద నుంచి వస్తాదా?”

“లాంతరు దించి చూసినారా మామా?”

“ఏం లాంతరు?”

“మా నాయన ఓబులదేవరచెరువులో బాయిల పూడిక తీసే పనికి పోతాండె. దిగే ముందు తాడుకు లాంతరు కట్టి దించేవాళ్ళు. అది ఆరిపోయిందంటే లోపల చెడుగాలి ఉన్నట్లే, ఎంత కూలి ఇస్తామన్నా ఎవురూ దిగరు.”

“అది పాడుబడిన బాయిలకమ్మా. ఇది కొత్తది. స్లాబేసి ఇరవై దినాలు. ఒక్క అంగడి పైపన్నా కలపలేదు ఇంకా, అన్నిటికీ మూతలేసుండాయి. లోపల ఏముంటాది?”

“నీళ్ళుండాయంట. మూత తీసి టార్చి ఏసి చూస్తే జానెడు నీళ్ళు కనపడినాయని ఫోన్లో చెప్పినాడు.”

“స్లాబు గట్టిపడాలని పైన మట్టికట్ట ఏసి నీళ్ళు నిలబెడితిమి గదా. అవే కారినాయి.”

“నువ్వు చూసినావా?”

“చూసినా.”

“వాసన రాలేదా?”

“నానిన చెక్క వాసన. ఏం మంజులా, పోలీసోళ్ళ మాదిరి అడుగుతాండావు?”

“ఊరికే.”

“ఊరికే అడిగే మనిషివి గాదు నువ్వు.”

“ఆ మూలనుండే ఆడోళ్ళ బాత్‌రూము... దాని పైపుకూ మూతేసినారా?”

“దాన్ని అప్పుడే ట్యాంకుకు కలిపేస్తిమి. తాళమేసుండాది. సోమవారం ఓపెనింగు నాడు తీసేది. తాళంచెవి బజారు ఊడ్చే కృష్ణమ్మ కాడుంది.”

“ఆఁ, కృష్ణమ్మ కాడ.”

“ఏమి?”

“ఏం లేదు. సుత్తి దెబ్బలు మెల్లగైనాయి మామా.”

“చెయ్యి నొచ్చింటాది. అది సుత్తి తల్లీ, నీ కుట్టుమిషను గాదు.”

“పైకి పిలువు. రెండు ముద్దలు తినిపోతాడు.”

“ఈ పొద్దు పలకలు బయటపడకపోతే రేపు పైపులు కలిపేదానికి లేదు. ఓపెనింగు కార్డులు పంచేసినారు. హోటలాయప్ప ఒకపక్క, బట్టలంగడాయప్ప ఒకపక్క, పొద్దున్నుంచి నా ప్రాణం తోడేస్తాండారు.”

“మామా, ఒక మాట చెప్తా. తిట్టొద్దు.”

“ఏం మాట?”

“మగోళ్ళకు చెప్పే మాట గాదు.”

“అట్లయితే చెప్పొద్దులే.”

“చెప్పొద్దంటావేమి? చీరలకు ఫాల్సు కుట్టేదానికి తొమ్మిదికి కూర్చుంటే రాత్రి ఎనిమిదికి లేస్తాం. మీకైతే ఏదో ఒక గోడ దొరుకుతాది. మేము నీళ్ళు తాగేదే మానుకుంటాం. నేను పాలిచ్చేదాన్ని, తాగకుంటే ఎట్ల? పోయిన నెలంతా మంట, జరం. హిందూపురం పోయి సూదులేయించుకుంటి.”

“ఇప్పుడెందుకమ్మా అవన్నీ...”

“కృష్ణమ్మ చేతులు పట్టుకుంటి. తాళంచెవి ఇచ్చింది. ముందు నేనొక్కదాన్నే పోతాంటి. తర్వాత మా అంగడి సుమ, అరుణ, పూలమ్మేవాళ్ళు, అందరూ. పన్నెండు దినాలు మామా! ముప్పై మంది ఆడోళ్ళం. అవి స్లాబు నీళ్ళు గావు.”

“మెల్లగా మాట్లాడు.”

“ఎందుకు మెల్లగా? పైకి పిలువు ముందు! ఏమయ్యో! ఇంటాండావా? పాప ఏడుస్తాంది, పైకి రా!”

“ఒరే హరీ! పలక ఆడ్నే పారేసి రారా!”

“పలకలేదు. మామా, పలకలేదు. దెబ్బలు ఎప్పుడు నిలిచిపోయినాయి? నువ్వన్నా ఇన్యావా?”

“జరుగు, పక్కకు జరుగు! మూత కాడికి బిడ్డను తేవద్దు! ఒరే దాసప్పా! టీ అంగట్లో ఉండావా? తాడు తే, తాడు!”

“ఏమైంది మేస్త్రీ? జరుగు, నేను దిగుతా!”

“దిగొద్దు దాసప్పా! ఎవురూ దిగొద్దు! దిగినోడు దిగినట్లే పోతాడు. ఫైరోళ్ళకు ఫోన్ చెయ్యి, నూటెనిమిదికి చెయ్యి! పరిగెత్తు!”

“టార్చి ఎయ్యి మామా. కనపడతాండాడా?”

“కనపడతాండాడు.”

“లేస్తాండాడా?”

“బోర్లా పడుండాడు.”

“నీళ్ళల్లోనా? మామా, మొగం నీళ్ళల్లో ఉందా?”

“నీళ్ళల్లోనే.”

“కదులుతాండాడా? చెయ్యన్నా కదులుతాందా? చెప్పు!”

“లేదు తల్లీ.”

“నేనే మామా, నేనే చేస్తి. వచ్చిన నిమిషమే నోరు తెరిచింటే ఎక్కి వస్తాండె. ఇంకా రెండు వరసలని అన్నాడు గదా, నాతోనే అన్నాడు గదా! అప్పుడన్నా చెప్పక, సిగ్గుపడి మాటలు తిప్పుకుంటా నిలబడితి. ఈ చేత్తోనే గదా తాళం తీస్తాంటి.”

“ఊరుకో మంజులా.”

“ఎట్ల ఊరుకునేది? నీకు ముందే తెలిసింటే ఆయన్ను దింపుతాంటివా? చెప్పు మామా, దింపుతాంటివా?”

“పొద్దున మూత తీస్తానే నాకు వాసన తెలిసిపోయింది తల్లీ. నా మోకాలికి ఏ నొప్పీ లేదు.”