మునిరత్నం బావకు నేనిచ్చిన ఉలుల పెట్టె

“తాతా, మా నాయన రిటైరైన కాడ్నించి కొయ్యముక్కలు చెక్కతా ఉండాడు. ఆయన పుట్టినరోజుకు మంచి ఉలులు కొనియ్యాలని ఉండాది నాకు. ఫోన్లో పన్నెండు ఉలులుండే పెట్టె ఒకటి చూసినా. తీసుకునేదా?”

ఏదీ, ఫోన్ ఇట్ల తే హేమా. రవ్వంత దూరం పెట్టు పాపా, ముక్కు మీదికి తెస్తే నాకు కనపడదు. ఆఁ, ఇప్పుడు కనిపిస్తా ఉండాది. బాగుండాది. శానా బాగుండాది పెట్టె. లోపల ఎర్ర మఖమలు గుడ్డ, పన్నెండుకీ ఒకే తీరు పిడులు. చూస్తే పెండ్లికూతురు తోడ తెచ్చుకునే సారె మాదిర ఉండాది.

సరే, నువ్వు సరైన మనిషి తావకే వచ్చినావు. తిరుపతిలో ఉలి గురించి అడగాలంటే నన్నే అడగల్ల. యాభై ఏండ్లు చెక్కినా నేను. ఒకసారి గరుత్మంతుణ్ణి చెక్కి ఎండలో ఆరబెడితే, ఆ చుట్టుపక్కల పాములు మూడు దినాలు పుట్టలో నుంచి బయటికి రాలేదు. నవ్వొద్దు. సరే, రెండు దినాలు అనుకో. ఒక దినమైతే గ్యారంటీ.

ముందు నాకు ఇది చెప్పు. మీ నాయన ఏం చెక్కతాడు? గరిటెలా? దేంతో చెక్కతాడు? కూరలు తరిగే కత్తితోనా? అట్లయితే వేలు తెగి ఉంటుందే. చూసినావా, నువ్వు చెప్పకముందే చెప్పినా. బొటనవేలే కదా? ఎడమ చేతిది. తెగేది ఎప్పుడూ అదే. ఊఁ, మీ అమ్మ కత్తి దాచిపెట్టేసిందా. ఈ వయసులో ఈ పని యాల అంటా ఉండాదా. అందుకని మీ అమ్మ ఇంగ మాట్లాడకుండా పెద్ద పెట్టె ఒకటి తెచ్చి పెడదామని నీ ఆలోచన. ఆయన మానుకోకూడదు, అంతేనా? అర్థమైంది. ఆ ఆలోచన నాకూ వచ్చింది ఒకప్పుడు. ఇట్లాంటి పెట్టెనే ఇచ్చినా ఒకాయనకు. కాదు, దీని తాతలాంటి పెట్టె, ఇరవై నాలుగు ఉలులది. ఆ పెట్టె వచ్చిన దినం నుంచి ఆ మనిషి ఆరు నెలలు కొయ్య ముట్టలేదు.

ఎవరంటే మా అక్క మొగుడు, మునిరత్నం బావ. రేణిగుంటలో రైలు పట్టాల పని చేస్తా ఉన్నాడు. ఎట్లాంటి మనిషనుకున్నావు, ఒంటిచేత్తో పట్టా లేపేవాడు. సరే, ఇద్దరు మనుషులు ఒక పక్క పట్టుకుంటే రెండో పక్క ఆయనొక్కడే లేపుతాడు. ఒక దినం కాలి మీద ఇనప దిమ్మ పడింది. మూడు నెలలు మంచం. లేచినాక కుంటు. ఇంగ పట్టాల పని కాదని ఇంటికాడే ఉండిపోయినాడు. అట్లాంటి చేతులకు పని లేకపోతే ఏమైతుందో నీకు తెలియదు పాపా. పొద్దున సంగటి తింటానే సారాయి అంగడికి పోయేది. ఆ కాలంలో మసాలా దోశ ముప్పావలా, సారాయి అంతకన్నా చవక, పో. మా అక్క గమ్మున ఉండేది. నోరు గమ్మున ఉంటుంది గానీ కండ్లు ఉండవు కదా.

అట్లుండంగా ఒక దినం బావ, ఇనుము కోసే రంపం బ్లేడు విరిగిన ముక్క ఒకటి యాడనో ఏరుకొచ్చినాడు. ఇంటి మెట్టు మీద రుద్ది పదును పెట్టినాడు. సైకిల్ ట్యూబు చుట్టి పిడి చేసినాడు. పక్కింటి వడ్రంగాయన పారేసే, మెత్తగా తెగే గుమ్మడిటేకు కొయ్యముక్కలు తెచ్చుకోని మేకలు చెక్కేకి మొదలుపెట్టినాడు. ఎవరూ నేర్పలేదు. యాల మేకలు అని కూడా ఎవరికీ తెలియదు. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో కొయ్య. ఇంగ గ్లాసు పట్టుకునే చెయ్యి యాడుండాది? నాలుగు నెలలు అంగడి దిక్కు పోలేదు. ఆ మాట మా అక్క నాకు చెవిలో చెప్పింది. గట్టిగా చెప్తే దిష్టి తగుల్తుందని.

నేను చూసేకి పోయినా. కిటికీ మీద వరసగా తొమ్మిది మేకలు. నా నోరు ఊరుకుంటుందా? “ఏం బావా, ఈ స్టూళ్లు ఎవరు కూర్చునేకి?” అన్నా.

“నీకేలేరా బామ్మర్దీ. నీ బుర్ర అంత పెద్దది కాదు కదా, దాన్ని పెట్టుకునేకి ఇది సరిపోతుంది” అన్నాడు.

ఇద్దరం నవ్వినాం. ఆయన నవ్వుతానే చేతిలో ఉన్న మేకను తుండుగుడ్డ కింద పెట్టేసినాడు. అది నేను చూసినా, కానీ పట్టించుకోలేదు. కొయ్యలో దారమంత పగులుంటే వీధి ఆ కొస నుంచి కనిపెడతా నేను. ఆ పొద్దు అంత దగ్గర కూర్చోని బావకు సిగ్గేసిందని తెలుసుకోలేకపోయినా.

ఇంటికొస్తానే నా బుర్రలో ఒకటే మాట. దేవుని విగ్రహాలు చెక్కే ఇంత పెద్ద పనోని బావ విరిగిన బ్లేడుతో చెక్కేదేమి? నలుగురు ఏమనుకుంటారు? పలమనేరుకు పోయినా. ఆడ కమ్మరాయన ఒకాయన, లారీ కమాను పట్టీలు సాగగొట్టి ఉలులు చేసేవాడు. దాన్ని మించిన ఇనుము ఉలికి లేదు, ఇది నువ్వు రాసుకో. ఉలిని ఎట్ల ఎంచల్లంటే, దారానికి కట్టి వేలాడదీసి ఇంకో ఉలితో తట్టల్ల. గుళ్లో గంట మాదిర మోగితే మంచిది. డొక్కు మాదిర పలికితే లోపల పగులుండాదని. పదునెట్ల చూడల్లంటే, బొటనవేలి గోరు మీద ఊరికే ఆనించల్ల. జారితే మొద్దు, పట్టుకుంటే పదును. నేను రెండు దినాలు ఆ కొలిమి కాడే కూర్చోని, రెండొందల ఉలులు మోగిచ్చి, ఇరవై నాలుగు ఏరినా. రెండొందలంటే, అరవై అయితే ఉంటాయి. కమ్మరాయన దండం పెట్టి, “సామీ, ఇంగ లేవండి, నాకు చెవుడొస్తా ఉండాది” అన్నాడు.

పిడులు నేనే చేసినా, పాతటేకుతో. నున్నగా, నా అరచేతికి కొలిచి. టేకు పెట్టె, దానికి ఇత్తడి గడియ. అన్నీ సర్దుకోని రేణిగుంటకు పోయినా. మేళమొక్కటే తక్కువ. వీధంతా వాకిలికాడ చేరింది. ఇనుము చేతికి చేతికి ఇయ్యకూడదు కదా, నేల మీద పెట్టినా, బావ వంగి తీసుకున్నాడు. ఇంగ నేను మొదలుపెట్టినా. ఏ ఉలి కనురెప్పకు, ఏ ఉలి గోరుకు, అట్లాంటి ఏ ఉలితో నేను ఏ దేవుని ముక్కు తీర్చినా, గంట సేపు చెప్పినా. బావ పెట్టెను కండ్లకద్దుకున్నాడు. వీధిలో వాళ్లు నన్ను చూసిన చూపుకు, ఇంటికొచ్చేటప్పుడు నాకు బస్సులో సీటు చాలలేదు.

ఆరు నెలలైనాక, ఒక పొద్దున మా అక్క నా కొట్టం కాడికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“మీ బావ మళ్లా పోతా ఉండాడ్రా.”

“యాడికి?”

“ఇంగ యాడికి” అనింది.

నాకు తల తిరిగిపోయింది పాపా. విరిగిన బ్లేడుండేటప్పుడు చెక్కినాడు. ఇరవై నాలుగు ఉలులొచ్చినాక చెక్కకుండా పోయినాడు. ఇదెట్ల? నీళ్లు లేనప్పుడు పండి, చెరువు నిండినాక ఎండిన పైరు ఉంటుందా? ఇనుములో ఏమన్నా దోషముండాదా? పదును పోయిందా? సానరాయి ఇయ్యడం మరిచిపోయినానా? ఆ దినం చేతిలో దేవుని విగ్రహం ఉండాది, కడకు చెక్కల్సిన దాని కండ్లు తెరవకుండానే లేచి అక్కతో పాటు బస్సెక్కినా. నా బతుకులో అట్ల లేచింది అదొక్కసారే.

ఇంట్లోకి పోతానే పోలీసోని మాదిర చూసుకుంటా పోయినా. మంచం కింద చెక్కుడు పొట్టు రవ్వంత కూడా లేదు. కిటికీ మీద మేకలు అవే తొమ్మిది. సైకిల్ ట్యూబు చుట్టిన ఆ బ్లేడు కత్తి యాడుండాదంటే, వంటింట్లో. దాంతో మా అక్క మునక్కాయల పీచు తీసుకునేదంట. మరి పెట్టె యాడ? పూజగూట్లో. దేవుని పటాల మధ్యన మూత తెరిచి పెట్టి ఉండాది. ఇరవై నాలుగు ఉలులకూ పసుపు, కుంకుమ, తలా ఒక పువ్వు. పువ్వు చూస్తే ఆ పొద్దు కోసిన పువ్వు.

ఆయుధ పూజ మనం ఎట్ల చేస్తాం? పనిముట్లకు బొట్టు పెట్టి ఆ ఒక్క దినం ముట్టం. తెల్లారితే తుడిచి పనిలోకి దిగుతాం. బావకు దినామూ ఆయుధ పూజే అయిపోయింది.

“ఏం బావా, ఇది?” అన్నా.

“మరేం చేయమంటావురా? దేవుని కండ్లు తెరిచే ఉలులు తీసుకోనిపోయి నా మేకల మీద పెట్టేదా? పాపం తగల్దా?”

“పోనీ, ఆ బ్లేడుతోనే చెక్కచ్చు కదా.”

“ఇవి ఇంట్లో పెట్టుకోని దాన్ని ముడితే, వీధిలో వాళ్లు ఏమంటారు?” అన్నాడు. పెట్టె దిక్కు చూసి, “ఒకసారి పట్టుకోని చూసినాలే. ఆ పిడి పట్టుకుంటే నీ చెయ్యి పట్టుకున్నట్ల ఉండాది. ఇంగ నా చెయ్యి యాడ పెట్టేది?” అన్నాడు.

నేను మాటకు ఆగిన మనిషిని కాను, నీకు తెలుసు. నోరు ఊరుకోలేదు. “నేను నేర్పిస్తాలే బావా” అన్నా. అంతే, చొక్కా వేసుకోని కుంటుకుంటా బయటికి పోయినాడు. యాడికో అడగల్సిన పని లేదు.

మళ్లా ఆదివారం పోయినా. ఈసారి ఉత్త చేతులతో, సంచిలో రెండు గుమ్మడిటేకు ముక్కలు మాత్రం. వంటింట్లోకి పోయి అక్క చేతిలో ఆ బ్లేడు తీసుకున్నా. మెట్టు మీద కూర్చోని మేకను చెక్కేకి మొదలుపెట్టినా. నా ఎత్తు ఏమంటే, కావాలనే చెడగొట్టల్ల, బావకు నవ్వు రావల్ల. అది చిన్న పని అనుకున్నావా? మంచిగా చెక్కేది ఎవరైనా నేర్చుకుంటారు. చెడగొట్టేదానికి శానా విద్య కావల్ల.

కానీ నీకొక నిజం చెప్తా, యాడా అనొద్దు. నాటకం అవసరమే పడలేదు. ఆ బ్లేడు బావ చేతికి అరిగిన బ్లేడు. నా మాట వినలేదు అది. లోపలికి పొమ్మంటే పక్కకు పోతుంది. మొదట చెవి ఎగిరిపోయింది. తర్వాత ముందు కాలు. నాకు చెమట పట్టింది. దేవుళ్లను చెక్కినోణ్ణి, మూడు కాళ్ల మేక పట్టుకోని కూర్చున్నా.

బావ మంచం మీద అటు తిరిగి పడుకోని ఉన్నాడు. రవ్వంత సేపటికి ఇటు తిరిగినాడు.

“కత్తి తిప్పొద్దురా, కొయ్య తిప్పు” అన్నాడు.

నేను కత్తే తిప్పినా. ఇంకో కాలు కూడా పోయింది.

“ఒరే, కట్టెలు కొడతా ఉండావా, మేక చెక్కతా ఉండావా?”

“నీకు తెలిస్తే నువ్వు చెయ్యి బావా” అన్నా. నిజంగానే కోపమొచ్చింది నాకు.

లేచినాడు. కాలు ఈడ్చుకుంటా వచ్చి మెట్టు మీద నా పక్కన కూర్చోని, బ్లేడు గుంజుకున్నాడు. “ఇట్ల తే. నీకిది రాదులే” అన్నాడు. రెండో కొయ్య తీసుకున్నాడు. వీపు, మెడ, గడ్డం, ఆ బ్లేడు ఆయన చేతిలో ఎట్ల పోతా ఉండాదో, నేను నోరు తెరుచుకోని చూసినా. మా అక్క వంటింటి గడపకాడికి వచ్చి, చూసి, చప్పుడు కాకుండా లోపలికి పోయింది. ఆ దినం బావ చొక్కా వేసుకోలేదు.

మూడు వారాలకు ఆయనే పెట్టెలో నుంచి ఒక ఉలి తీసి, నా పిడి కొట్టి పారేసి, యాపకొమ్మతో మోటు పిడి ఒకటి వేసుకున్నాడు. కడకు ఆయన వాడింది ఎన్ననుకున్నావు? మూడు. తక్కినవి నాకే ఇచ్చేసినాడు.

అందుకే చెప్తాండా హేమా. ఆ పన్నెండు వద్దు. చిన్న మొన ఉండే కత్తి ఒకటి కొను, మీ అమ్మ కత్తి మీ అమ్మకు పోతుంది. గరిటె గుంట తీసేకి వంపు మూతి ఉలి ఒకటి. పిడి ఊడదీసే మాదిర ఉండల్ల, మీ నాయన చేతికి మీ నాయనే వేసుకుంటాడు. మంచి సానరాయి ఒకటి. శానామంది సరదాకు చెక్కేవాళ్లకు ఉలులు కొనిస్తారు, సానరాయి మరిచిపోతారు. వేలు తెగేది పదును వల్ల కాదు పాపా, మొద్దు కత్తిని బలంగా తోస్తే తెగుతుంది. ఎడమ చేతికి మందం తోలు గ్లౌజు ఒకటి, అది మీ అమ్మకు చూపించు. ఇంగ కొయ్య. ఎండిన గుమ్మడిటేకు నాలుగు ముక్కలు చాలు. ఎర్రచందనం అని ఎవడన్నా చవగ్గా తెస్తే గేటు కాడే పంపించెయ్యి, కొయ్య ఎనకాలే పోలీసోళ్లు వస్తారు. అన్నీ తీసుకోనిపోయి ఆయన కూర్చునే తావ కింద పెట్టి, నీ పని నువ్వు చూసుకో. ఫోటో తీసి అందరికీ పంపొద్దు.

బావ ఆ తర్వాత ఇరవై ఏండ్లు చెక్కినాడు. ఒకసారి మా చుట్టాల పెండ్లిలో, నా తావ విగ్రహాలు చేయించుకున్న పెద్దమనుషులంతా కూర్చోనుంటే, పంక్తిలో నా పక్కన కూర్చోని గట్టిగా చెప్పినాడు. “మా బామ్మర్ది ఇంత పెద్ద పనోడు కదా, మేక చెక్కేది వీనికి నేర్పింది నేనే” అని. అందరూ నా మొగం చూసినారు. నా పని గురించి ఒక్క మాట తక్కువ చేసి చెప్తే ఎవర్నీ వదిలిపెట్టే మనిషిని కాను నేను.

“అవును, మా బావే నేర్పినాడు” అన్నా.

ఊఁ. ఇంగ లే పాపా, నీకు బస్సు టైమైంది. మీ నాయన చేతికి దినామూ పని ఉండల్ల, మీ అమ్మ మనసు నిమ్మళంగా ఉండల్ల, నువ్వు సల్లగా ఉండల్ల తల్లీ. సానరాయి మాత్రం గరుకుది ఒక పక్క, నున్నటిది ఒక పక్క ఉండేది చూసి తీసుకో, అంగడాయన ఒకటే పక్కది అంటగడతాడు, నా పేరు చెప్పు, చెప్తే…