మడ్డి కలిపిన మనిషి

1963 వానాకాలం. జగిత్యాల దగ్గరి ఒక పల్లెలో ముసలి రైతు చేను గట్టున కూర్చున్నాడు. వ్యవసాయం సంగతులు చూసే గ్రామసేవకుడు సైకిలు దిగి దగ్గరికి వచ్చాడు.

“కాకా, దొర చేన్ల మక్క మొలకలన్ని మాడిపోయినయి.”

“ఎరువు మందు ఎవరు కలిపిన్రు సారూ?”

“నేనే. సారేంది కాకా? మొన్నటిదాక బిడ్డా అంటుంటివి.”

“మొన్నటిదాక మా ఇంట్ల తిన్నరు. సారా కార్ఖాన మడ్డిల ఫాస్ఫేటు రాయిపొడి నేనెట్ల నానవెడుతున్ననో కాయితం మీద రాసుకున్నరు. ఆ కాయితం మీద దొర పేరెందుకు వెట్టిన్రు?”

“పెద్దోళ్ల పేరుంటేనే కరీంనగర్ల ఆఫీసర్లు చదువుతరు.”

“చదివిన్రు. దొరకు శాలువ గప్పిన్రు. ఇప్పుడు కార్ఖాన మడ్డంత దొరనే గుత్తకు వట్టిండు. నాకు కుండెడు సుత దొరుకుతలేదు.”

“తప్పయింది కాకా. ఎందుకు మాడినయో జర చెప్పు.”

“కలిపినంక గుంతల నలభై రోజులు మాగాలె. అప్పటిదాక మడ్డి వేడి చల్లారదు. ఆ మాట సుత చెప్పిన. మీరప్పటికే కాయితం మడిచి జేబుల వెట్టుకున్నరు.”

“దొరకింక సగం చేను విత్తేదున్నది. నువ్వే వచ్చి చెప్పు.”

“వస్త. చేనేం పాపం చేసింది. నేనెవరని దొర అడిగితే ఏం చెప్తరు?”

గ్రామసేవకుడు సైకిలు సీటు మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

“నా కింద పనిచేసే మనిషని చెప్త.”