సిలిండరు పక్క కుర్చీ

పుంగనూరు బస్టాండు. మదనపల్లెలో నెలనెలా జరిగే క్లస్టర్ తలనొప్పివాళ్ళ కూటం ముగించుకొని, కుప్పం బస్సు కోసం సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు రామకుప్పం రైతు గోవిందస్వామి. ఆ బస్సు ఎప్పుడొస్తుందో దాన్ని తోలేవాడికే తెలియదు. పెద్దాయన్ను ఎక్కించి ఇంటికి పోదామని చెరోపక్కా కూర్చున్నారు ఈ ఊళ్ళో పరుపులు కుట్టే ముక్తియార్, అతని భార్య ఖాతూన్. గోవిందస్వామి కడుపులో మాత్రం మధ్యాహ్నం నుంచీ ఒకటే మంట. అది కూటంలో పెట్టిన చిత్రాన్నం వల్ల వచ్చింది కాదు.

"అట్ల కాదు ముక్తియారూ. నాకు నొప్పి లేసి నేను అల్లాడతా ఉంటే, నువ్వు మాస్కు నా చేతిలో పెట్టి బయటికి పోతివే. అది నాకు నచ్చలా."

"టీ తాగను పోయినా అన్నా."

"టీ! టీ లోపలే ఇస్తా ఉండ్రి కదప్పా."

"లోపలిది సక్కెర ఎక్కువ."

"సక్కెర ఎక్కువా, కడుపుమంట ఎక్కువా?"

"నాకెందుకన్నా కడుపుమంట?"

"కుర్చీ పోయిందని. సిలిండరు పక్క కుర్చీ. ఇన్ని నెలలుగా నువ్వే గదా దాంట్లో మహారాజు మాదిరి కూసునేది. ఈ పొద్దు నేను కూసుంటి."

"నొప్పి సీజన్లో ఉండేటోనిదే కదన్నా ఆ కుర్చీ. మన కూటం కట్టుబాటు అదే."

"ఆ కట్టు పెట్టింది ఎవురు?"

"మీరే."

"ఆఁ! అది మర్సిపోవద్దు. కూటం మొదలుపెట్టిన పొద్దు ఆ గదిలో ఎవురుండ్రి? నేను, నొప్పి లేస్తే పీల్చుకోమని డాక్టరమ్మ ఇచ్చిన ఆక్సిజన్ సిలిండరు. అదొకపక్క, నేనొకపక్క. దానికీ నాకే మాటలు."

"సిలిండరు మీతో ఏం మాట్లాడేదన్నా?"

"నవ్వు ఖాతూనమ్మా, నవ్వు. నేను ఏం చెప్పినా 'స్సు' అనేది. మా ఊరోళ్ళ కంటే అదే మేలు, ఎదురు మాట్లాడేది కాదు. సరే, నీ మొగున్ని ఆ కూటానికి పిలసకపోయింది ఎవురు? అది చెప్పు."

"మీరే కదన్నా. ఈ బస్టాండులోనే."

"అదిగో, ఆ కంబానికి తల కొట్టుకుంటా ఉండె. కుడి కన్ను నిప్పు మాదిరి ఎర్రగా, ముక్కులో నీళ్ళు. జనమంతా తాగినాడనుకోని దూరంగా జరిగిరి. నేనొక్కణ్ణే పోయి అడిగితి, 'ఎప్పుడూ ఇదే పక్కేనా అప్పా?' అని. ఔనన్నాడు. 'కూసుంటే ఎక్కువైతాదా?' ఔనన్నాడు. అయితే రా, నడుద్దామని, ఒక్క మాట మాట్లాడకుండా ఈ బస్టాండు చుట్టూ ఈయన పక్కనే నడిస్తి. నా బస్సు పాయె. దాని ఎనక బస్సూ పాయె."

"అది మరవలేనన్నా."

"మరవలేనంటాడే గాని, కూటంలో ఒక్క తూరన్నా చెప్పినాడా? యాడ చెప్తాడు! లేస్తాడు, 'వచ్చింది, పోయింది, మళ్ళీ వస్తుంది' అంటాడు, కూసుంటాడు. అంతే! ఆ కురబలకోట పిల్ల తేజస్విని వెంటనే కండ్లు తుడుసుకుంటాది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి వింటాది. నేను ఏనుగుల సంగతి చెప్తే మాత్రం అందరూ ఇకిలిస్తారు."

"మీరు చెప్పేది అట్లుంటాది కదన్నా."

"ఎట్లుంటాది? జరిగిందే చెప్తి. రాగిచేన్లో ఏనుగుల మంద. అదే గడియకు నాకు నొప్పి. ఎడమ కంట్లో నుంచి నీళ్ళు ఎట్ల కారె అంటే, మడవ తిప్పుంటే మడి పారేది. నేను ఒక్క కేక ఏస్తి సూడు, మందంతా తోకలెత్తుకోని తమిళనాడు దాటేసె. ఒక ముసలి ఏనుగు మాత్రం నిలబడి, నా ఎడమ కంట్లోకి తేరిపార సూసి, తొండంతో ఇంత మన్ను తీసి నా నెత్తిన సల్లె. పాపమని."

"ఈ మన్ను సల్లింది పోయిన తూరి లేదే!"

"పోయిన తూరి టైము సాలక చెప్పలా."

"అన్నా, ఆ తేజస్విని తెచ్చే నిప్పట్లు ముందు ఈయనకే ఇస్తాదని కదా మీ కోపం? రేపే చేసి పంపుతా, మీరొక్కరే తినండి."

"నిప్పట్ల కోసం కాదమ్మా!"

"మరి?"

"మరి లేదు, గిరి లేదు. బస్సు యాడుండాదో సూడు."

"ఇంకా రాలేదన్నా. చెప్పండి."

"ఏం చెప్పేది... మా ఊర్లో నేను కూసుంటే సాలు, సుట్టూ జనం. అబద్ధం చెప్తాండానని అందరికీ తెలుసు, అయినా పనులిడిసి వింటారు. అట్లాంటోణ్ణి ఒక పొద్దు నిజం చెప్తి. కంట్లో గునపం దించినట్లుండాదని చెప్తి. అందరూ పగలబడి నవ్విరి. 'గోవిందస్వామి తలకాయలో ఏనుగు దూరిందంట' అని. మా ఇంటిది జయమ్మ కూడా మూతి తిప్పె. నేను మంచం కోడుకు తల కొట్టుకుంటా ఉంటే, ఇంకొంచెం గట్టిగా కొట్టుకో, నాటకం రక్తి కడతాదనె."

"యా అల్లా."

"నన్ను నమ్మింది ఆ గదిలోనే అప్పా. ఈ భూమ్మీద ఆ ఒక్క గదిలోనే. దాంట్లో నాది ఒక కుర్చీ. అది కూడా పోతే నేను యాడికి పోయేది?"

"కుర్చీ యాడికీ పోదన్నా."

"నువ్వు కూసోనుంటే పోయినట్లే కదా! నేను తెచ్చినోడివే నువ్వు. నాకే ఎనక బెంచీ సూపిస్తివి."

"అన్నా, ఒకమాట అడుగుతా, ఏమనుకోవద్దు. మీకు రాగులు కోతకొచ్చేటప్పుడు కదా సీజను?"

"ఔ... ఔను. ఈ తూరి ముందుగా వచ్చె."

"ఎప్పటి నుంచి?"

"వచ్చె లేమ్మా. అదేమన్నా చుట్టమా, చెప్పి వచ్చేదానికి?"

"అట్ల కాదు. నొప్పి పోయినాక ఈయన పొద్దు మునిగేదాకా పచ్చి నీళ్ళు ముట్టడు. పిండేసిన గుడ్డ మాదిరి పడుంటాడు. మీరేమో మాస్కు తీస్తానే చిత్రాన్నం తింటిరి. మళ్ళీ పెట్టించుకుంటిరి."

"ఖాతూన్, చుప్."

"చిత్రాన్నం బాగుండె, తింటి! తినే అన్నానికి కూడా లెక్కలు చెప్పల్లనా?"

"ఆమె మాటలు పట్టించుకోవద్దన్నా. ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు."

"అట్ల చెప్పు. నాది గట్టి ఒళ్ళు."

"నేనెందుకు చుప్ ఉండల్లజీ? మీ నెత్తి మీద ఆ బొప్పి ఏంది? టీకొట్లో తగిలిందా?"

"బొప్పా? ఏదీ, ఇట్ల తిరుగప్పా. టోపీ తియ్యి."

"ఏం లేదన్నా. తలుపు తగిలింది."

"తియ్యమంటాండానా... అయ్యయ్యో! ఇది తలుపు కాదే. గోడ. నాకు తెలీదా, గోడ కొట్టింది ఎట్లుంటాదో. ఎప్పుడు?"

"చెప్పండిజీ. చెప్పరా? నేనే చెప్తా. మీరు మాస్కు పెట్టుకోని కూసున్నప్పుడే అన్నా. ఈయనకు అప్పుడే లేసింది. మాస్కు చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఇంతలో మీరు 'అమ్మా' అని కుడి కన్ను పట్టుకోని వంగిపోతిరి. మిమ్మల్ని కుర్చీలో కూసోబెట్టి, మాస్కు మీకిచ్చి, ఎనక సందులోకి పరుగెత్తినాడు."

"సందులోకా! టీ అంటివే?"

"ఉండేది ఒక్క మాస్కే కదన్నా."

"నాతో ఒక్క మాట అనకూడదా?"

"అంటే మీరు తీసేస్తారు."

"పక్కన ఎవురు నడిచిరి నీకు?"

"ఎవురు నడుస్తారన్నా? అందరూ మీ చుట్టూ మూగి విసురుతా ఉండ్రి. నేను పోతి. నన్ను దగ్గరికి రానీలా. అది లేసినప్పుడు ఈయనకు కట్టుకున్నదాని గొంతు కూడా పడదు. పక్కన నడిచేది మీకే తెలుసు, మీరేమో లోపల ఉండ్రి. గోడ పక్కన నేను ఏడస్తా నిలబడింటి."

"ఖాతూన్, బస్. ఐపాయె కదా. వచ్చింది, పోయింది."

"ఆ మాట నా ముందర అనొద్దు ముక్తియారూ! ఆ మాట అన్నందుకే నీ మీద... ఛ. గాలి ఆడడం లే ఈ బస్టాండులో."

"నీళ్ళు తాగండన్నా."

"వద్దు."

"అదిగో బస్సు. కుప్పమే. లేవండి, సంచి నేను పట్టుకుంటా."

"ఇడువప్పా సంచి. నీ నెత్తి చూసుకో ముందు. వచ్చే నెల నేను రానేమోలే."

"యాలన్నా?"

"కోతలు. కోతలప్పుడు ఏనుగులు. చేను కాయల్ల."

"మీ ఒక్క కేకకు తమిళనాడు దాటిపాయె కదన్నా?"

"ఎక్కిరిస్తాండావా? ఎక్కిరియ్యి, ఎక్కిరియ్యి. నిజంగానే రాను. ఒగేళ... ఒగేళ అంటాండా, గట్టిగా అనలా. ఒగేళ నొప్పి రావడం నిలిసిపోయిందనుకో. పోయిన కోతలకు రాలా, అంతకు ముందూ రాలా అనుకో. అట్లాంటోనికి ఆ గదిలో ఏం పనప్పా? సిలిండరు కూడా నవ్వుతాది."

"పక్కన నడిచేదానికి మనిషి కావల్ల కదన్నా. నడిచేదానికి నొప్పి ఎందుకు?"

"ముక్తియారూ... నీకేమన్నా తెలుసునా?"

"ఎక్కండన్నా, కిటికీ సీటు పోతాది."

"పోనీ సీటు! చెప్పి కదులు. ఎప్పుడు తెలిసె నీకు?"

"మాస్కు మీ చేతికిస్తా ఉన్నప్పుడే అన్నా. మీ నొప్పి ఎడమ కంట్లో కదా. మీరు పట్టుకోనుండిన కుడి కన్ను, అది నాది."