ఏడుపు, నిద్ర, ఆట, పిల్ల లేదు

"నాకు చావంటే కూడా అంత భయం లేదక్కా. తలుపు అవతల పిల్ల ఏడుస్తుంటే, విన్నవాళ్లందరూ 'మన పిల్ల కాదులే' అనుకుని తలా ఒక దారిన పోతారే... అదొక్కటే నా భయం."

"ఇవాళేంటే ఈ మాటలు? ముందు చెయ్యి కదుపు. నలభై క్లిప్పులు వెనకబడ్డావు."

రెండో అంతస్తు, కిటికీ పక్కన రెండు కంప్యూటర్లు. ఒకదాని ముందు పిల్లతల్లి, రెండోదాని ముందు అందరూ అక్కా అని పిలిచే టీం లీడరు. ఎక్కడెక్కడి ఇళ్లలోనో పసిపిల్లల మంచాల మీద బిగించిన కెమెరాల వీడియోలు చూసి, యంత్రానికి నేర్పడం కోసం ఒక్కోదానికి ఒక గుర్తు పెట్టడం వాళ్ల పని.

"ఆ పిల్ల మళ్లీ వచ్చిందక్కా."

"ఏ పిల్ల?"

"పసుపు దుప్పటి పిల్ల. మంచం కమ్మీ ఒకటి విరిగితే గుడ్డతో కట్టుంటుంది చూడు, అది. పొద్దుట్నుంచి ఆరు క్లిప్పులు. ఆరింటిలోనూ గదిలోకి ఒక్కరూ రాలేదు."

"ఒక్కోటి నిమిషమేగా. వాళ్లమ్మ అంట్లు తోముకుంటూ ఉంటుంది."

"మొదటిదాంట్లో ఎండ గోడ మీదుంది. ఇప్పుడు నేల మీదకొచ్చింది. అన్ని అంట్లా?"

"అబ్బో, పోలీసువి కావాల్సింది నువ్వు. గుర్తు పెట్టి ముందుకు పో."

"ఏం పెట్టను? ఏడవట్లేదు."

"నిద్ర అని పెట్టు."

"కళ్లు తెరిచే ఉన్నాయి."

"అయితే ఆట."

"ఆడట్లేదక్కా! ముందు ఐదింటిలో గుక్కపట్టి ఏడ్చింది. ఇప్పుడు మానేసింది. ఎవరూ రారని తెలిసిపోయిందేమో దానికి. దీనికి బటనేదీ?"

"ఉన్నవి నాలుగు. ఏడుపు, నిద్ర, ఆట, పిల్ల లేదు. నేను పెట్టినవి కాదు."

"'ఎవరైనా వెళ్లి చూడండి' అని ఇంకోటి పెట్టొచ్చుగా."

"ఎవరు వెళ్తారే? అది ఏ దేశమో, ఏ ఊరో నీకు తెలుసా, నాకు తెలుసా? అక్కడ ఇరుగుపొరుగు లేరా, పోలీసులు లేరా? వాళ్ల పిల్లలకి మంచం మీద కెమెరాలే ఉన్నాయి తల్లీ. నీ పిల్లకి మంచమే లేదు."

"కెమెరా ఎత్తుకుంటుందా అక్కా?"

"ఆ మాట నన్నడిగి ఏం లాభం?"

"పైవాళ్లకి రాయి. కామెంటు పెట్టే చోటుందిగా."

"ఒకసారి రాశాను, వేరే పిల్లాడి గురించి. 'మీ సూచన మాకు విలువైనది' అని వచ్చింది. ఆ నెల నా రేటింగు పడిపోయింది. మళ్లీ రాయలేదు. చాలా?"

"ఆ పిల్లాడేమయ్యాడు?"

"నాకేం తెలుసు! క్లిప్పు మారిపోయింది. అలా చూడకే. మనం ఈ కంపెనీకి పని చేస్తున్నాం, ఇది ఇంకో కంపెనీకి, అది కెమెరాలమ్మేవాళ్లకి. ఇందులో నా వాటా పాపం ఎంతో నువ్వే చెప్పు. అయినా ఎప్పటి వీడియోనో అది. ఆ పిల్ల ఈపాటికి నడకొచ్చి ఇల్లు పీకి పందిరేస్తుంటుంది."

"నీ నోట్లో చక్కెర పొయ్య. టైమెంతక్కా?"

"ఇందాకేగా అడిగావు. పదకొండున్నర."

"పన్నెండింటికి భోజనాలకి వదుల్తారుగా?"

"ఇవాళ లేదు. పొద్దున అందరికీ చెప్పానే... ఆ, నువ్వు లేటుగా వచ్చావు. అర్జెంటు బ్యాచి. అయ్యేదాకా ఎవరూ కదలకూడదట. భోజనం ఇక్కడికే తెప్పిస్తున్నారు. మెట్ల దగ్గర గ్రిల్లు కూడా వేసేశారు."

"వేసేశారా? తాళమా?"

"తాళమే. ఎందుకలా లేచావు?"

"ఎప్పటికి తీస్తారు?"

"నాలుగో, ఐదో. కూర్చో. ఏయ్ పిల్లా, ఎక్కడికి?"

మెట్ల దగ్గర, గ్రిల్లుకి ఇటువైపు స్టూలు మీద వాచ్‌మన్ తాత.

"తియ్యి తాతా, అరగంటలో వచ్చేస్తా."

"తాళంచెవి మేనేజరు దగ్గరుందమ్మా. నేను కాసేవాణ్నే గానీ తీసేవాణ్ని కాదు."

"పోనీ నీ ఫోనియ్యి. నాది లాకర్లో పెట్టించారు."

"నాదీ అక్కడే పెట్టించారు. కాపలావాణ్ని మాత్రం నమ్ముతారా?"

"నీకూ మనవరాళ్లున్నారు తాతా."

"ఉన్నారు గనకే ఈ స్టూలు వదల్లేనమ్మా. అక్కని అడుగు. ఆవిడ మాటైతే పైకి పోతుంది."

మళ్లీ కిటికీ దగ్గర.

"అక్కా, సార్‌కి చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఛ, లే. ఏమని చెప్పను? ఆగు, ఈ ఇంటర్‌కాంలో చేస్తున్నా, ఇది సార్ గదికి తప్ప ఎక్కడికీ పోదు... సార్, నేను సార్. మా టీంలో అమ్మాయి ఒకసారి ఇంటికి... తెలుసు సార్... అవును సార్, అందరికీ ఇళ్లున్నాయి సార్... కాదు సార్, సొంత విషయమే... సరే సార్. విన్నావుగా."

"ఏమన్నాడు?"

"ఇంటి సంగతులు ఇంటి దగ్గర చూసుకోమన్నాడు."

"అక్కడికే పోనియ్యమంటున్నా!"

"అసలేమైందే? పైవాటా ఆంటీ ఉందిగా పిల్లని చూసుకోడానికి?"

"ఆవిడా... ఉంటుంది."

"ఉంటుంది కాదు. ఇప్పుడుందా, లేదా?"

"పొద్దున ఛాతీలో నొప్పంటే ఆసుపత్రికి తీసుకెళ్లారు. మా ఆయన లారీ మీద పోయి నాలుగో రోజు. ఇంకో సెలవు పెడితే రావొద్దని పోయినసారే చెప్పారుగా. పిల్ల అప్పుడే పాలు తాగి పడుకుంది. నేల మీద పరుపేసి, చుట్టూ దిండ్లు పెట్టి... పన్నెండింటికల్లా వెళ్లిపోతాను కదా అని..."

"తాళమేసి వచ్చావా?"

"పది నెలలక్కా దానికి."

"ఓసి నీ... ఇంతసేపూ ఎక్కడో ముక్కూమొహం తెలీని పిల్ల కోసం నాతో పోట్లాడావే!"

"నా పిల్ల దగ్గర కెమెరా లేదక్కా. అందుకే దీన్ని చూస్తూ కూర్చున్నా."

"ఇటు రా. ఈ అద్దం జరుగుతుంది. ఊచల్లోంచి పిలువు, ఎవరైనా సరే. నేను మళ్లీ సార్‌కి చేస్తా. కాదు, మెట్ల దగ్గరికి పోయి గ్రిల్లు బాదుతా. నువ్వు పిలువు ముందు!"

"అన్నా! హెల్మెటన్నా!... వెళ్లిపోయాడు. అమ్మా, సంచీ అమ్మగారూ, పైన, ఇటు!... చూసిందక్కా. చూసి, తనని కాదనుకుని పోతోంది."

"ఇంకొకర్ని పిలువు. గట్టిగా."

"ఏవండీ, మిమ్మల్నే. మీరెవరైనా సరే. ఆ టైర్ల కొట్టు పక్క సందులో మూడో ఇల్లు, ఆకుపచ్చ తలుపు, చిన్న తాళం. ఒక్కసారి వెళ్లి తలుపుకి చెవి ఆనించి వినండి. ఏడుస్తుంటే ఫర్వాలేదు, అక్కడే నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. ఏడుపు వినపడకపోతేనే... తాళం పగలగొట్టండి."