ఓడకంటించిన ఏనుగు స్టాంపు

"...కొన్నానని ఎవుడన్నాడండి, పట్టుకున్నాను," అంటన్నాడు తాతబాబు. "కూకోండి సారూ. నూకాలూ, సారుకో టీ. పంచదార తక్కువెయ్యి, సదువుకున్నోరు."

శ్రీరామ్మూర్తి గారు బల్ల చివర సర్దుకుని కూచున్నారు. స్టీలు ప్లాంట్లో చేసి రిటైరైన మనిషి, పాత స్టాంపుల సంఘానికి ఆయనే పెద్ద. ఆదివారం రుషికొండలో వాళ్ళ ఎగ్జిబిషను. ఆయన చూసి సరేనంటే తాతబాబు స్టాంపుకి అక్కడో అద్దాల ఫ్రేము ఇస్తారు. కాదంటే లేదు. దానికోసమే హార్బరు గేటు దగ్గర నూకాలు టీ కొట్టు వెతుక్కుంటూ వచ్చారు.

పక్కన కూచున్న జగ్గారావుకి ఇదంతా తెలుసు. పోర్టులో తాతబాబుతో ఒకే క్రేను కింద పనిచేసినోడు. ఏటా ఆ ఎగ్జిబిషనుకి ఇద్దరూ కలిసే వెళ్తారు. అక్కడ తాతబాబు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, వాళ్ళవీ వీళ్ళవీ ఫ్రేములు చూసుకుంటూ నడుస్తాడు. ఒక్క మాట మాట్లాడడు. ఆ నోరు మూతపడేది ఏడాదికి ఆ ఒక్క పూటే. అది చూడలేక జగ్గారావు పక్కకి తిరిగిపోతాడు.

ఇవాళ తాతబాబు తన స్టాంపు తీసి, ప్లాస్టిక్కు కవర్లో పెట్టి ఆయన చేతికిచ్చాడు. ఇటుకరాయి రంగు, మధ్యలో తొండమెత్తిన ఏనుగు. మామూలు స్టాంపు అంచుకుండే పళ్ళు లేవు. పూర్వం ఏదో సంస్థానం వాళ్ళు రసీదు స్టాంపులు అచ్చేసే ముందు, బొమ్మ ఎలా వచ్చిందో చూసుకోడానికి తీసుకున్న ముక్క. దాన్నే ప్రూఫంటారు. స్టాంపులు బస్తాలకొద్దీ ఉంటాయిగానీ ప్రూఫు ఎక్కడో ఒకటి దొరుకుద్ది.

ఇచ్చి ఊరుకుంటే అయిపోయేది.

"పూర్ణా మార్కెట్లో పాత కాయితాల కొట్టండి. పగిలిపోయిన పటం ఎనకాల అట్టలో ఉందిది. తీసి ఇలా ఎత్తి పట్టుకున్నాను, గాలొచ్చింది, లేసిపోయింది, పరిగెత్తి పట్టుకున్నాను."

"ఊఁ," అన్నాడు జగ్గారావు. అలవాటు. వెంటనే ఎందుకన్నానా అనుకున్నాడు.

"ఎక్కడ పట్టుకున్నానో అడగండి. మార్కెట్లో మొదలెట్టిన పరుగు, పాత పోస్టాఫీసు దాటిపోనాను, సేపల రేవు దాటిపోనాను, స్టాంపు ముందు, దాని ఎనక నాను, దొంగననుకుని నా ఎనక పోలీసోడు, ఆడి ఎనక కుక్కలు, జెట్టీ సివరికెల్లి సూత్తే ఏటుంది, సముద్రం ఉంది, నాను ఆగనేదు, దూకీసినాను."

"లుంగీతోనా?" అంది నూకాలు.

"లుంగీ గట్టు మీదే ఆగిపోనాదే, అదడక్కు. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? ఓ వంజరం సేప వొచ్చి గుటుక్కుని మింగీసింది. నానొదుల్తానా, డాల్ఫిన్ నోసు కొండ సుట్టూ తిరిగి యారాడ దాకా దాని ఎనకే ఈదినాను. అక్కడ వల లాగితే అన్నీ వంజరాలే. ఏది మింగిందో ఎలా తెలుత్తాది?"

"ఎలా తెలిసింది మరి?" అంది నూకాలు.

"స్టాంపు మింగిన సేప కదా, గవర్మెంటు దర్జా వొచ్చీసింది. మిగతాయన్నీ గిలగిలా కొట్టుకుంటన్నాయి. అది మాత్రం కదలకుండా, సంతకం పెట్టమన్నట్టు నాకేసి సూత్తంది."

నూకాలు నవ్వితే గ్లాసులోకి పొయ్యాల్సిన టీ బల్ల మీద పడింది. శ్రీరామ్మూర్తి గారి మీసం కూడా కొంచెం కదిలింది. జగ్గారావు బల్ల కింద తాతబాబు కాలు తొక్కాడు.

"సాలు బావ."

"కాలు తియ్యి బావ, కత మజ్జిలో ఉంది. స్టాంపు తీసి తలెత్తితే ఎదురుగా బొగ్గు ఓడండి. అడుగున సిల్లు. నీళ్ళు లోనకెల్లిపోతన్నాయి, ఓడ ఒరిగిపోతంది, పైన కేప్టెను ఏడుత్తన్నాడు, ఏ దేశపోడో గానీ ఏడుపు మాత్రం మన ఏడుపే. నా కాడ ఏటుంది, ఇదే ఉంది. నాలిక మీద ఇలా రాసినాను, సిల్లు మీద ఇలా కొట్టినాను, పట్టీసింది. రాజుల కాలం నాటి గమ్మండి. ఓడ సింగపూరెల్లి తిరిగొచ్చినా ఊడనేదు, నానే గోటితో పీకి తెచ్చుకున్నాను. ఏనుక్కి కొంచెం జలుబు సేసింది, అంతే."

కొట్టంతా నవ్వింది. శ్రీరామ్మూర్తి గారు నవ్వలేదు. కవరు తిప్పి స్టాంపు వెనకవైపు చూస్తన్నారు.

"నాలికతో తడిపారా?"

"తడిపినానండి."

"అంటుకుందా?"

"ఓడనే ఆపిందండి."

ఆయన కవరు మెల్లగా బల్ల మీద పెట్టేశారు. "తాతబాబు గారూ, ప్రూఫుకి వెనక జిగురుండదండి. అది అంటించడానికి తీసింది కాదు. మామూలు స్టాంపు చుట్టూ పళ్ళు కత్తిరించి, జిగురు కడిగేసి, ప్రూఫని తెచ్చేవాళ్ళు నాకు కొత్త కాదు. ఈ మూల రంగు కరిగింది, తడి తగిలిన మాట నిజమే. ఓడని నేను నమ్మననుకోండి. కానీ దీనికి జిగురుండేదని మీ నోటితో మీరే చెప్తున్నారు." టీ గ్లాసు పక్కన పెట్టి లేచారు. "వస్తానండి."

తాతబాబు చేతులు రెండూ వాటంతటవే వెనక్కెళ్ళిపోయాయి, ఎగ్జిబిషన్లో లాగే. జగ్గారావు కేసి ఒక్కసారి చూసి, చెప్పొద్దన్నట్టు తల ఊపాడు.

ఆ తల ఊపింది చూసే జగ్గారావు ఉండలేకపోయాడు.

"అంటుకోనేదండి," అన్నాడు.

అందరూ ఇటు తిరిగారు. ఊఁ తప్ప గట్టిగా ఇంకో మాట అనని మనిషి.

"సేపా నేదు, ఓడా నేదు. నాకింది బావ కాదు, నాను. కాయితాల కొట్టు కాణ్ణించి తిన్నగా మా యూనియనాఫీసుకెల్లినాం. రసీదు మీద స్టాంపంటించి సంతకం పెట్టమన్నారు నన్ను. బావ టీకని బయటికెల్లినాడు. ఇది బల్ల మీదుంది. నాకోసమే తెచ్చి పెట్టినాడనుకున్నాను. నాకి అంటించినాను, ఊడిపోయింది. మల్లీ నాకినాను. పిడికిలితో గుద్దినాను. ఆకరికి కుర్సీలో పెట్టి దాని మీద కూకున్నాను. లేసి సూత్తే రసీదు రసీదే, ఏనుగు ఏనుగే." టీ గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. "ఆ రంగు కరిగింది నా ఉమ్ముకే. దీనికి గమ్ము నేదని బావకి అప్పుడే తెలిసింది. నన్నో మాట అననేదు. నవ్వుతారని ఎవుళ్ళకీ సెప్పనేదు. ఎవులైనా అడిగితే ఇదిగో, ఈ ఓడ కత సెప్తాడు."

నూకాలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. ఆమె నవ్వు మొదలెడితే మిగతావాళ్ళూ అందుకున్నారు. జగ్గారావు చెవులు కాలిపోతన్నాయి. తల దించుకుని టీ గ్లాసులోకి చూస్తా కూచున్నాడు.

శ్రీరామ్మూర్తి గారు మళ్ళీ కూచున్నారు. జేబులోంచి భూతద్దం తీసి, స్టాంపు అంచులన్నీ, వెనకా ముందూ చాలాసేపు చూశారు.

"కూర్చున్నా అంటుకోలేదా?"

"నేదండి. అప్పన్న సామి మీదొట్టు."

"అంచు కత్తిరించిన జాడా లేదు, వెనక కడిగిన మరకా లేదు. జిగురుంటే ఈపాటికి మీ పంచెకి అంటుకుని ఇంటికెళ్ళిపోయేది." కవరు రెండు చేతులతో తీసి తాతబాబుకి ఇచ్చారు. "ఆదివారం పొద్దున్నే తెండి. ఫ్రేము సిద్ధంగా ఉంటుంది. కానీ మూల కరిగింది కాబట్టి, ఎందుకు కరిగిందో కింద ఒక ముక్క రాయాలి. ఏమని రాయమంటారు?"

తాతబాబు కవరు గుండెకి ఆనించుకున్నాడు.

"మా జగ్గారావు బావ నాలికని రాయండి సారూ. ఆ నాలిక సామాన్యమైంది కాదు. ఓపాలి సముద్రం మజ్జిలో ఓడకి నిప్పంటుకుంటే, ఫైరింజనోల్లు నీళ్ళడగనేదు, మా బావెక్కడని అడిగినారు. ఆ తర్వాత ఏటయిందో తెలుసా?"

జగ్గారావు గ్లాసులోంచి తలెత్తాడు.

"ఊఁ," అన్నాడు.